పాత లండన్ పుస్తకంలో ‘బిలియన్’ అంటే ఎన్ని కోట్లు?

నల్లకుంట లెక్చరర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ ఒక ఖగోళశాస్త్రం పుస్తకం దొరికింది. 1930ల్లో లండన్‌లో అచ్చయింది. మామూలు పాఠకుల కోసం రాసినది. అట్ట ఊడిపోయింది గానీ లోపల పేజీలన్నీ ఉన్నాయి. చదువుతుంటే ఎవరో పక్కన కూర్చుని ఆకాశం చూపిస్తూ చెబుతున్నట్టు ఉంది. మా పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కోసం కాలేజీ గోడపత్రికలో కొన్ని అధ్యాయాలు తెలుగులో పెడదామని మొదలుపెట్టాను.

మొదటి అధ్యాయం బాగానే నడిచింది. సూర్యుడు మనకు 93 మిలియన్ మైళ్ల దూరంలో ఉన్నాడని ఉంటే 9 కోట్ల 30 లక్షల మైళ్లు అని రాశాను. చిక్కంతా రెండో అధ్యాయంలో వచ్చింది. కాంతి ఏడాదిలో పోయే దూరం దాదాపు 6 బిలియన్ మైళ్లట. బిలియన్ అంటే 100 కోట్లని క్లాసులో చెప్పేది నేనే. ఆ లెక్కన కాంతి సంవత్సరం 600 కోట్ల మైళ్లు అవుతుంది. నెప్ట్యూన్ సూర్యుడికి సుమారు 280 కోట్ల మైళ్ల దూరంలో ఉంది. సూర్యుడి వెలుగు అక్కడికి చేరడానికి నాలుగు గంటల పైచిలుకు పడుతుంది. అలాంటిది ఏడాదంతా ప్రయాణించిన వెలుగు దానికి రెట్టింపు దూరం దాటగానే ఆగిపోతుందా?

అచ్చుతప్పు అనుకుందామంటే, తర్వాతి పేజీలో అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం 25 బిలియన్ మైళ్లు అని ఉంది. ఆ రెండు అంకెల నిష్పత్తి చూస్తే నాలుగుకు కొంచెం ఎక్కువ, అంటే సరిగ్గానే ఉంది. రెండు చోట్లా ఒకే రకంగా తప్పు పడటం జరగదు. ఇంకో చోట భూమి ద్రవ్యరాశి ఆరు వేల ట్రిలియన్ టన్నులు అన్నాడు. నాకు తెలిసిన ట్రిలియన్ లక్ష కోట్లు. దాంతో వేసి చూస్తే అదీ పొసగలేదు. ఇవన్నీ ఇలా ఉండగా భూమి వయసు దగ్గర మాత్రం రెండు వేల మిలియన్ సంవత్సరాలు అని రాశాడు. అప్పటి అంచనా అంతే లెండి, దాని గురించి కాదు నా సందేహం. రెండు బిలియన్ అనకుండా రెండు వేల మిలియన్ అని ఎందుకు సాగదీశాడు?

అసలు బిలియన్ అనే మాట ఎక్కణ్నుంచి వచ్చింది? మిలియన్ ముందు ‘బి’ పెడితే ఏమిటి లెక్క? గోడపత్రికలో పిల్లలకు ఎలా రాయాలి? తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఈసీఐఎల్ కోచింగ్

మేడం, బిలియన్ అంటే 100 కోట్లే. 1 పక్కన 9 సున్నాలు. ట్రిలియన్‌కి 12 సున్నాలు. బ్యాంకు పరీక్షలకు వచ్చే పిల్లలతో మేం మొదటి వారంలోనే ఇది నోటికి వచ్చేలా చెప్పిస్తాం. మిలియన్ 10 లక్షలు, బిలియన్ 100 కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. ఇందులో రెండో మాట లేదు. పుస్తకం పాతది కాబట్టి రచయిత ఎక్కడో పొరపాటు పడ్డాడేమో. కాంతి సంవత్సరం అంటే సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. అదే రాసేయండి, పిల్లలకు మైళ్ల గోల కూడా ఉండదు.

పాత డెస్క్, బాగ్‌లింగంపల్లి

మేడం, రచయిత లెక్కలో పొరపాటు లేదు. కోచింగ్ సారు చెప్పింది ఇవాళ్టి లెక్క, అదీ నిజమే. మీ పుస్తకం అచ్చయిన రోజుల్లో బ్రిటన్‌లో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు. మన లెక్కలో లక్ష కోట్లు, 1 పక్కన 12 సున్నాలు. మనం ఇప్పుడు వాడే 100 కోట్ల బిలియన్‌ను అప్పట్లో అమెరికా బిలియన్ అనుకునేవారు. మాట ఒకటే, విలువలో వెయ్యి రెట్ల తేడా.

మీరే వేసి చూసుకోండి, తెలుగు లెక్కలో ఇది చాలా సులువు. కాంతి సెకనుకు 1.86 లక్షల మైళ్లు పోతుంది. ఏడాదికి సెకన్లు సుమారు 3.15 కోట్లు. లక్షను కోటితో గుణిస్తే లక్ష కోట్లు. ఇక మిగిలింది 1.86ను 3.15తో గుణించడమే. 5.86 వస్తుంది. అంటే కాంతి సంవత్సరం 5.86 లక్షల కోట్ల మైళ్లు. మీ రచయిత దాదాపు 6 బిలియన్ అన్నది దీన్నే. దగ్గరి నక్షత్రం 4.3 కాంతి సంవత్సరాల దూరం అనుకుంటే 25 లక్షల కోట్ల మైళ్లు. అదీ కలిసింది.

భూమి వయసు దగ్గర రెండు వేల మిలియన్ అనడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. ఆయన భాషలో 100 కోట్లకు వాడుకలో ఒంటి మాట లేదు. మిలియర్డ్ అనే మాట ఇంగ్లిషు నిఘంటువుల్లో ఉంది గానీ జనం నోట పెద్దగా ఆడలేదు. అందుకే వెయ్యి మిలియన్, రెండు వేల మిలియన్ అనేవారు. పాత బ్రిటిష్ పుస్తకం చేతికొస్తే నేను మొదట వెతికేది ఈ వెయ్యి మిలియన్ కోసమే. అది కనిపించిందంటే అందులో బిలియన్ చాలావరకు పెద్ద బిలియనే. మీరు అడగకుండానే ఆ ఆధారం మీ ప్రశ్నలో పెట్టేశారు.

ఇక ‘బి’ సంగతి. మిలియన్ నుంచి మొదలుపెట్టాలి. రోమన్లకు వెయ్యికి మిల్లే అనే మాట ఉండేది. అది దాటితే సొంత మాటలు లేవు. పది లక్షలు చెప్పాలంటే ‘పదిసార్లు నూరు వేలు’ అనేవారు. మనం పది లక్షలు అనే పద్ధతే అది. కాకపోతే నూరు వేలకు మనకు లక్ష అనే మాట ఉంది. మధ్యయుగాల్లో ఇటలీవాళ్లు మిల్లేకి ‘ఓనే’ అని ఒక ప్రత్యయం చేర్చారు. వాళ్ల భాషలో అది ఏ మాటకు చేరినా ఆ వస్తువు పెద్దదని అర్థం. అలా మిల్యోనే అంటే పెద్ద వెయ్యి అయింది. వర్తకుల లెక్కల్లో, రాజుల అప్పుల్లో ఆ మాట అవసరపడింది. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివరికి ఇంగ్లిషులోకి చేరింది.

బిలియన్ అలా జనం నోట్లో పుట్టింది కాదు, లెక్కల పండితులు కావాలని కట్టిన మాట. ఫ్రాన్సులో జెహాన్ ఆదాం అనే ఆయన 1475లో బిమిలియన్, ట్రిమిలియన్ అనే రూపాలు వాడాడు. 1484లో లియోన్ నగరంలో ఉన్న నికొలా షుకే ఒక పెద్ద గణిత గ్రంథం రాసి, అందులో బిలియన్, ట్రిలియన్ మొదలుకొని నోనిలియన్ దాకా పేర్లు వరసగా పెట్టాడు. బి అంటే లాటిన్‌లో రెండు. మిలియన్‌ను రెండుసార్లు వేసుకుని గుణిస్తే బిలియన్. మూడుసార్లు వేసుకుని గుణిస్తే ట్రిలియన్. అంకెలను కుడి నుంచి ఆరేసి చొప్పున విడదీస్తూ పోతే, ప్రతి గుంపు దగ్గరా ఒక కొత్త పేరు. పేరు వినగానే ఎన్ని సున్నాలో చెప్పేయొచ్చు. ఆరును రెండుతో గుణిస్తే 12, మూడుతో గుణిస్తే 18. ఇంత శుభ్రమైన పద్ధతి కట్టిన మనిషి గ్రంథం 1880 దాకా అచ్చు కాలేదు. ఎతియెన్ ద లా రోష్ అనే ఆయన 1520లో వేసిన తన పుస్తకంలోకి షుకే రాతలోంచి చాలా భాగం తీసుకున్నాడు. ఆ పేర్లు లోకంలోకి వచ్చింది అలాగే. షుకే పేరు మాత్రం చాలాకాలం మరుగున పడిపోయింది. నాకు ఆ మనిషి మీద గౌరవం. ఆయన గురించి పిల్లలకు రెండు ముక్కలైనా రాయండి.

తర్వాత మార్పు వచ్చింది. 17వ శతాబ్దంలో అంకెలను ఆరేసి కాకుండా మూడేసిగా విడదీయడం ఫ్రాన్సులో పెరిగింది. కొందరు ప్రతి మూడు అంకెల గుంపుకూ ఒక కొత్త పేరు ఇచ్చేశారు. మిలియన్ మీద మూడు సున్నాలు చేరగానే బిలియన్, ఇంకో మూడు చేరగానే ట్రిలియన్. పేర్లు అవే ఉన్నాయి, వాటి లోపలి లెక్క పోయింది. ఈ చిన్న బిలియన్‌లో ‘రెండు’ ఎక్కడుందంటే, వెయ్యిని వెయ్యితో మరో రెండుసార్లు గుణించాలి అని తిప్పి చెప్పుకోవాలి. మీరు ‘బి’ ఏమిటని అడగడం చాలా సహజం. ఇవాళ్టి విలువతో దానికి నేరుగా జవాబు రాదు.

అమెరికావాళ్లు ఫ్రెంచివాళ్ల నుంచి ఈ చిన్న బిలియన్‌నే తీసుకున్నారు. ఇంగ్లండులో పాతదే నిలిచింది. 1690 నాటి తన గ్రంథంలో తత్వవేత్త జాన్ లాక్ కూడా ఆరేసి అంకెల పద్ధతిలోనే ఈ పేర్లు వరసగా చూపించాడు. విచిత్రం ఏమిటంటే, ఫ్రాన్సు 1961లో అధికారికంగా పెద్ద బిలియన్ పక్షానికి తిరిగి వెళ్లింది. బ్రిటన్ సరిగ్గా ఎదురు దిక్కుకు నడిచింది. డబ్బు లెక్కల్లో, పత్రికల్లో అమెరికా వాడుక అప్పటికే జొరబడింది. 1974 డిసెంబర్ 20న ప్రధాని హెరాల్డ్ విల్సన్ పార్లమెంటుకు లిఖితపూర్వకంగా జవాబిస్తూ, ఇకమీద ప్రభుత్వ లెక్కల్లో బిలియన్ అంటే వెయ్యి మిలియన్లేనని చెప్పాడు. ప్రభుత్వం మటుకు ఆ రోజుతో మారింది. పుస్తకాలు, మనుషులు మాత్రం ఒక్క రోజులో మారరు కదా.

నేను ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో చేరేనాటికి ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. టెలిప్రింటర్ మీద వచ్చే ఏజెన్సీ కాపీలో బిలియన్ అంటే 100 కోట్లే. అయినా మా సీనియర్ ఒకాయన టేబుల్ అద్దం కింద చేత్తో రాసిన చీటీ ఒకటి పెట్టుకునేవారు. మిలియన్, బిలియన్, ట్రిలియన్, వాటి ఎదురుగా లక్షలు, కోట్లు. అడుగున ఎర్ర సిరాతో, పాత లండన్ పుస్తకమైతే ఆగి చూడమని ఒక మాట. ఆదివారం అనుబంధానికి సైన్సు వ్యాసాలు అనువాదం చేసేటప్పుడు ఆ ఎర్ర సిరా నాకు చాలాసార్లు పనికొచ్చింది. మీ ప్రశ్న చూడగానే ఆయనే గుర్తొచ్చారు.

నల్లకుంట లెక్చరర్

పాత డెస్క్ గారూ, ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. మీ జవాబు చూశాక భూమి ద్రవ్యరాశి దగ్గరికి వెళ్లాను. పెద్ద ట్రిలియన్ అంటే మిలియన్ మిలియన్ మిలియన్లు, 18 సున్నాలు. ఆరు వేల ట్రిలియన్ అంటే 6 పక్కన 21 సున్నాలు. మా పాఠ్యపుస్తకంలో భూమి ద్రవ్యరాశి కిలోల్లో 5.97 గుణించు 10 పవర్ 24. టన్నుల్లోకి మారిస్తే పవర్ 21. సరిగ్గా సరిపోయింది!

ఇంకో సంగతి కనిపించి చాలా సంతోషం వేసింది. కోటికి 7 సున్నాలు. కోటి కోటి కోట్లు అంటే 21 సున్నాలు. కాబట్టి భూమి బరువు తెలుగులో ‘ఆరు కోటి కోటి కోట్ల టన్నులు’. మిలియన్‌ను మళ్లీ మళ్లీ వేసుకుంటూ షుకే చేసిన పనినే మనం కోటితో నోటిమాటగా చేస్తున్నాం. పవర్ 21 అంటే తలకాయ ఊపి ఊరుకునే పిల్లలు కోటి కోటి కోట్లు అంటే కళ్లు పెద్దవి చేస్తారు. ఇది బోర్డు మీద రాయించి తీరతాను.

ఇప్పుడు ఇంకో సందేహం. మా లైబ్రరీలో 1950ల నాటి అమెరికా పుస్తకాలు కొన్ని ఉన్నాయి, ఎవరో దానం చేసినవి. వాటిలో బిలియన్‌ను ఎలా తీసుకోవాలి? 1980ల బ్రిటిష్ పుస్తకమైతే? గోడపత్రికలో బిలియన్ అనే మాటే ఉంచి కింద వివరణ ఇవ్వాలా, లేక కోట్లలోకి మార్చేయాలా?

నాణేల పెట్టె, సుల్తాన్ బజార్

నేను పాత నోట్లు, నాణేలు సేకరిస్తాను. ఈ తేడా మా లోకంలో రోజూ కనిపించేదే, అందుకే చెబుతున్నాను.

1923లో జర్మనీలో డబ్బు విలువ పడిపోయిన కథ వినే ఉంటారు. ఆ నవంబర్‌కి ఒక అమెరికా డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వాల్సిన స్థితి. ఆ రోజుల నోటు మీద ‘అయినె బిలియోన్ మార్క్’ అని ఉంటుంది. ఇంగ్లిషు తెలిసినవాళ్లు చూసి వెయ్యి మిలియన్ మార్కుల నోటు అంటారు. కాదు. జర్మన్ బిలియోన్ పెద్ద బిలియనే, లక్ష కోట్లు. 100 కోట్లకు వాళ్ల మాట మిలియార్డె. అప్పటి తపాలా బిళ్లల్లో అన్నిటికన్నా పెద్దది 50 మిలియార్డెన్, అంటే 5,000 కోట్ల మార్కుల బిళ్ల. ఒక ఉత్తరానికి అంటించే బిళ్ల అది. తర్వాత రెంటెన్‌మార్క్ అని కొత్త డబ్బు తెచ్చినప్పుడు, లక్ష కోట్ల పాత మార్కులకు ఒక్క కొత్త మార్కు అని కట్టారు.

ఎగ్జిబిషన్లలో ఆ నోటు కింద చీటీ మీద విలువ వెయ్యో వంతుకు తగ్గించి రాసి ఉండటం చూశాను. నోటు మీద అచ్చు వేసినవాళ్ల భాష చూడాలి, మన అలవాటు కాదు.

జర్మనీ ఇవాళ్టికీ అలాగే లెక్కపెడుతుంది. ఫ్రాన్సు, ఇటలీ కూడా అంతే. స్పానిష్‌లో 100 కోట్లను మిల్ మిల్యోనెస్ అంటారు, అంటే వెయ్యి మిలియన్లు. మేడం గారి పుస్తకంలో ఉన్న మాటే. మన హైదరాబాద్ నుంచి ఐటీ ఉద్యోగాలకు ఆ దేశాలు వెళ్లే పిల్లలకు ఇది ముందే చెప్పి పంపడం మంచిది.

సంస్కృతం టీచర్, మలక్‌పేట

మంచి చర్చ. నాదొక చేర్పు. సంఖ్యల పేర్లు ఇలా జరిగిపోవడం మన దగ్గరా ఉంది.

తైత్తిరీయ సంహితలో వరస ఇలా ఉంటుంది: ఏక, దశ, శత, సహస్ర, అయుత, నియుత, ప్రయుత, అర్బుద, న్యర్బుద, సముద్ర, మధ్య, అంత, పరార్ధ. ఒక్కో మెట్టుకీ పదిరెట్లు. లెక్కపెట్టుకుంటే అర్బుదం దగ్గర కోటి వస్తుంది, 7 సున్నాలు. చివరి పరార్ధం దగ్గర 12 సున్నాలు. అంటే మేడం పుస్తకంలోని బిలియన్‌కి వేదంలోనే ఒంటి పేరు ఉంది!

కానీ 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడి వరస వేరు. లక్ష, ప్రయుతం, కోటి, అర్బుదం, అబ్జం, ఖర్వం అని సాగుతుంది. అక్కడ అర్బుదం 10 కోట్లు, అబ్జం 100 కోట్లు. పరార్ధం 17 సున్నాల దాకా వెళ్లిపోయింది. ఇక అర్బుదం నుంచి వచ్చిన అరబ్ అనే మాటను మా స్కూల్లో ఉర్దూ చెప్పే ఫాతిమా మేడం 100 కోట్లకు వాడతారు. నూరు అరబ్‌లు ఒక ఖరబ్. మొన్న స్టాఫ్‌రూంలో ఆమె ఉర్దూ పేపర్ చదువుతూ దేశ జనాభా ఒక అరబ్ నలభై కోట్లు అన్నారు, నేను 140 కోట్లు అన్నాను, ఇద్దరం చెప్పింది ఒకటే. అర్బుదం అనే ఒక్క మాట కోటి దగ్గర మొదలై పది కోట్లకు, అక్కణ్నుంచి నూరు కోట్లకు జరిగింది. యూరప్‌లో బిలియన్ వెయ్యి రెట్లు తగ్గితే ఇక్కడ ఇది నూరు రెట్లు పెరిగింది.

ఒక జాగ్రత్త. పూజ సంకల్పంలో ‘ద్వితీయ పరార్ధే’ అని వింటాం. అక్కడ పరార్ధం అంటే బ్రహ్మ ఆయుష్షులో సగం. ఆ మాట ఇక్కడి సంఖ్య కాదు, పిల్లలు కలిపేసుకోకుండా చూడండి.

ఈసీఐఎల్ కోచింగ్

ఈ సంగతి నాకు కొత్త. పరీక్షలకు 100 కోట్లే సమాధానం కాబట్టి క్లాసులో అదే చెబుతాను. అయితే ఇకమీద ‘ఇవాళ్టి లెక్కలో’ అని ఒక మాట చేర్చి చెబుతాను. పాత డెస్క్ గారు లక్షను కోటితో గుణించి చూపించిన తీరు చాలా బాగుంది, అది కూడా వాడుకుంటాను.

పాత డెస్క్, బాగ్‌లింగంపల్లి

టీచర్ గారూ, అర్బుదం సంగతి చెప్పి చాలా మంచిపని చేశారు.

లెక్చరర్ గారి సందేహాలకు వస్తాను. అమెరికా పుస్తకం 1950లదైనా, అంతకు ముందుదైనా 100 కోట్లే తీసుకోండి. అక్కడ 19వ శతాబ్దం నుంచీ చిన్న బిలియనే స్థిరపడింది. 1980ల బ్రిటిష్ పుస్తకంలో కూడా చాలావరకు చిన్నదే. ఇబ్బంది పెట్టేవి 1950ల నుంచి 1970ల దాకా వచ్చిన బ్రిటిష్ పుస్తకాలు. అప్పుడు రెండూ పక్కపక్కన నడిచాయి. అలాంటి పుస్తకంలో మీకు ముందే తెలిసిన ఒక అంకెను పట్టుకోండి. కాంతి సంవత్సరమో, భూమి వయసో, ఏదో ఒకటి ఉంటుంది. అది ఏ బిలియన్‌తో పొసిగితే పుస్తకమంతా అదే. రచయిత అమెరికన్ అయి ఉండి లండన్‌లో అచ్చు వేయించుకున్న పుస్తకాలూ ఉంటాయి. అచ్చయిన ఊరు చూసి నిర్ణయించేయవద్దు.

తెలుగులో ఎలా రాయాలన్నదాని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బిలియన్ అని వదిలేయవద్దు. మన పాఠకుడు లక్షల్లో, కోట్లలో ఆలోచిస్తాడు. జీతం, పొలం, ఇల్లు, బడ్జెట్ అన్నీ అందులోనే. బిలియన్ అని చదివినప్పుడు చాలామంది మనసులో ‘ఏదో చాలా పెద్దది’ అని మాత్రమే నమోదవుతుంది. డెస్క్‌లో ఉన్నన్నాళ్లూ నేను దీని కోసం పోట్లాడాను. విదేశీ సాయం 2 బిలియన్ డాలర్లు అని హెడ్డింగు పెడితే అది 200 కోట్ల డాలర్లని చదివేవాడికి చెప్పాల్సిన బాధ్యత మనదా, అతనిదా? నూరు కోట్లకు మనకు శతకోటి అని నిండైన మాటే ఉంది. శతకోటి లింగాల్లో బోడిలింగం అనీ, శతకోటి దరిద్రాలకు అనంతకోటి ఉపాయాలనీ అనుకునేవాళ్లం. ఇవాళ్టి బిలియన్ అంటే ఆ శతకోటే. వార్తల్లో అలా రాస్తే పద్యంలా ఉంటుంది కాబట్టి 100 కోట్లు అనే రాసేవాళ్లం, మీరూ అలాగే రాయండి.

మీ గోడపత్రికకు కథనంలో ‘దాదాపు 6 లక్షల కోట్ల మైళ్లు’ అని నేరుగా రాసేయండి. పక్కనే కిలోమీటర్లలో 9.46 లక్షల కోట్లు అని ఉంటే ఇంకా మంచిది, పిల్లలు తమ పాఠ్యపుస్తకంతో సరిచూసుకుంటారు. మూలంలో ఏముందో దాచవద్దు. పేజీ అడుగున ఈ గమనిక పెట్టండి, కావాలంటే మార్చుకోండి:

‘మూలంలో 6 బిలియన్ మైళ్లు అని ఉంది. ఈ పుస్తకం అచ్చయిన 1930ల్లో బ్రిటన్‌లో బిలియన్ అంటే లక్ష కోట్లు. ఇప్పుడు ఇంగ్లిషులో బిలియన్ అంటే 100 కోట్లు. అందుకే అనువాదంలో కోట్లలోకి మార్చాం.’

భూమి వయసు దగ్గర రెండు వేల మిలియన్‌ను 200 కోట్ల ఏళ్లు అని రాసి, అది అప్పటి అంచనా అనీ, ఇప్పుడు తెలిసినది సుమారు 454 కోట్ల ఏళ్లనీ ఇంకో గమనిక పెట్టాలి. లేకపోతే పిల్లలు అదే నిజమనుకుంటారు.

అనువాదం పూర్తయ్యాక అంకెలున్న పేరాలు మాత్రం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి మేడం. సున్నాలు నేను ఒకసారి సరిచూస్తాను. బాగ్‌లింగంపల్లి నుంచి నల్లకుంట ఎంత దూరం, కావాలంటే పుస్తకం పట్టుకుని కాలేజీకే వస్తాను.

నల్లకుంట లెక్చరర్

తప్పకుండా రండి సార్. గురువారం మూడో పీరియడ్ తర్వాత ఖాళీ. పిల్లలతో కాంతి సంవత్సరం లెక్క మీ పద్ధతిలోనే బోర్డు మీద వేయిస్తాను, మీరు వెనక బెంచీలో కూర్చుని చూడండి. షుకే గురించి చిన్న పేరా రాయడం మొదలుపెట్టాను. లియోన్ అని రాయాలా, లియాన్ అని రాయాలా అన్నది కూడా అప్పుడే అడుగుతాను.